రాయడం తేలిక, చూడటమే బరువు: ఇంటి నిఘా కెమెరాలకు కంప్యూటర్ ఎంపిక

ఎనిమిది 4కే కెమెరాలు కలిపిన కంప్యూటర్‌లో టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ వాడకం 90 శాతం పైన కనిపిస్తుంది. ఫ్యాను హోరు పక్క గదిలోకి వినిపిస్తుంది. కెమెరాల దృశ్యాలన్నీ పరిచి ఉన్న విండోను మూయగానే ఆ అంకె సగానికి పడిపోతుంది, ఫ్యాను నెమ్మదిస్తుంది. ఈలోగా రికార్డింగ్ ఏమైనా ఆగిందా అంటే లేదు. డిస్కు మీద ఫైళ్లు ఎప్పటిలాగే పెరుగుతున్నాయి, ఒక్క ఫ్రేము కూడా పోలేదు. తగ్గిందల్లా ఆ దృశ్యాలను తెర మీద చూపించే పని.

ఇలాంటప్పుడు చాలామంది పెద్ద ప్రాసెసర్ వైపు చూస్తారు. వీడియో గేముల కోసం అమ్మే ఖరీదైన కంప్యూటర్‌ను నిఘా పనికి కొనడం, కొన్నాక మళ్లీ అదే హోరు వినడం జరుగుతూనే ఉంటుంది. కెమెరాల సంఖ్యను బట్టి కంప్యూటర్ బలాన్ని లెక్కగట్టే అలవాటు దీనికి మూలం. అడగాల్సిన ప్రశ్న వేరు: వస్తున్న వీడియోలో ఎంత భాగాన్ని కంప్యూటర్ విప్పి చూడాల్సి వస్తోంది?

ఐపీ కెమెరా, అంటే నెట్‌వర్క్ ద్వారా వీడియో పంపే కెమెరా, తన లోపలి చిప్పుతోనే దృశ్యాన్ని కుదించి పంపుతుంది. 2003లో వచ్చిన హెచ్.264 ప్రమాణంలోనో, 2013లో వచ్చిన హెచ్.265లోనో ఆ కుదింపు జరుగుతుంది. కంప్యూటర్‌కు చేరేసరికే అది కట్టేసిన మూట. రికార్డు చేయడమంటే ఆ మూటను విప్పకుండా అటక మీద పడేయడమే. సెకనుకు 8 మెగాబిట్ల వేగంతో వచ్చే 4కే వీడియోను అలా దాచడానికి డిస్కు మీద సెకనుకు 1 మెగాబైటు రాస్తే చాలు. పదేళ్ల నాటి కంప్యూటర్ కూడా ఈ పనికి చెమటోడ్చదు.

మూట విప్పితే సంగతి మారిపోతుంది. ఒక 4కే ఫ్రేములో 82,94,400 పిక్సెళ్లు ఉంటాయి. వీడియోలో సాధారణంగా ఒక్కో పిక్సెల్‌కు సగటున ఒకటిన్నర బైటు పడుతుంది కాబట్టి విప్పిన ఒక్క ఫ్రేము 12.4 మెగాబైట్లు. సెకనుకు 15 ఫ్రేములు అంటే దాదాపు 187 మెగాబైట్లు. దాచేటప్పుడు ఒక్క మెగాబైటుగా ఉన్నది చూసేటప్పుడు 187 మెగాబైట్లవుతుంది. 8 కెమెరాలకు కలిపి సెకనుకు ఒకటిన్నర గిగాబైట్లు. ఈ పిక్సెళ్లన్నిటినీ లెక్కగట్టి, మెమరీలో పెట్టి, తీసి, తెరకు సరిపోయేలా కుదించి, ఆ వెంటనే పారేయడమే ఫ్యాను హోరుకు కారణం.

ఎవరూ తెర ముందు కూర్చోకపోయినా కంప్యూటర్ మూటలు విప్పుతూనే ఉండటానికి కారణాలున్నాయి. కదలికను పసిగట్టాలంటే ఈ ఫ్రేమును ముందు ఫ్రేముతో పోల్చాలి, పోల్చాలంటే విప్పాలి. మనిషా, కుక్కా, కారా అని తేల్చే కృత్రిమ మేధకూ విప్పిన చిత్రమే కావాలి. మూడో కారణం చాలామంది దృష్టికి రాదు. వీడియో మూలన తేదీ, సమయం ముద్రించే పనిని కంప్యూటర్‌కు అప్పగిస్తే, అది ప్రతి ఫ్రేమునూ విప్పి, అంకెలు అద్ది, మళ్లీ కుదించాల్సి వస్తుంది. కుదించడం విప్పడం కంటే ఎన్నో రెట్లు కష్టం. అదే పనిని కెమెరా సెట్టింగుల్లో పెడితే కంప్యూటర్‌కు ఆ బాధే ఉండదు. హార్డ్‌వేర్ మార్చే ముందు ఈ ఒక్క టిక్కు తీసి చూడటం మేలు.

ఈ బరువు దించే అసలు ఉపాయం కెమెరాలోనే ఉంది. దాదాపు ప్రతి ఐపీ కెమెరా ఒకేసారి రెండు ప్రవాహాలు పంపగలదు: పూర్తి నాణ్యతతో మెయిన్ స్ట్రీమ్, చిన్న సైజులో సబ్‌స్ట్రీమ్. మెయిన్ స్ట్రీమ్‌ను విప్పకుండా డిస్కుకు పంపి, కదలికల పరిశీలనకు, తెర మీద చూపించడానికి సబ్‌స్ట్రీమ్‌ను వాడుకోవచ్చు. 640×360 సబ్‌స్ట్రీమ్‌లో ఫ్రేముకు 2,30,400 పిక్సెళ్లే. 4కే ఫ్రేములో సరిగ్గా 36వ వంతు. అంటే 36 కెమెరాల సబ్‌స్ట్రీమ్‌లు విప్పినా ఒక్క 4కే కెమెరాను విప్పినంత పనే. ఇలా చేస్తే దృశ్యం మసకబారుతుందన్న భయం అక్కర్లేదు. 1920×1080 మానిటర్‌లో 9 కెమెరాలను మూడేసి చొప్పున మూడు వరుసల్లో పరిస్తే ఒక్కో గడికి దక్కేది 640×360 పిక్సెళ్లే. అంతకంటే పెద్ద చిత్రాన్ని విప్పినా మిగిలిన పిక్సెళ్లు తెర దాకా రావు. ఒక గడి మీద నొక్కినప్పుడు మాత్రం ఆ ఒక్క కెమెరా మెయిన్ స్ట్రీమ్‌ను తెరిచేలా బ్లూ ఐరిస్ వంటి నిఘా సాఫ్ట్‌వేర్లు ఏర్పాటు చేసుకున్నాయి.

దీనికీ ఒక హద్దు ఉంది. దూరంగా ఉన్న గేటు దగ్గర నిలబడ్డ మనిషి 4కే చిత్రంలో 160 పిక్సెళ్ల ఎత్తు ఉన్నాడనుకుంటే, 360 వరుసల సబ్‌స్ట్రీమ్‌లో అతను 27 పిక్సెళ్లకు కుంచించుకుపోతాడు. అది మనిషో స్తంభమో తేల్చుకోలేక కృత్రిమ మేధ చేతులెత్తేస్తుంది. అలాంటి కెమెరాకు 1280×720 సబ్‌స్ట్రీమ్ పెడితే అదే మనిషి 53 పిక్సెళ్లు ఉంటాడు, గుర్తింపు నిలకడగా సాగుతుంది. గుమ్మం దగ్గరి కెమెరాకు ఇంత అవసరం లేదు. కెమెరా కెమెరాకూ వేరే సైజు పెట్టుకోవడానికి కాస్త ఓపిక కావాలి, కానీ ఆ ఓపిక విలువ ఒక ప్రాసెసర్ ఖరీదుకు తక్కువేమీ కాదు.

ఇంకో చిక్కు కొన్ని కంపెనీలు హెచ్.265+ లాగా ప్లస్ గుర్తు తగిలించి ఇచ్చే తెలివైన కుదింపులది. కుదించిన వీడియోలో అప్పుడప్పుడు ఒక పూర్తి చిత్రం వస్తుంది. దాన్ని కీ ఫ్రేము అంటారు. మధ్యలోవన్నీ దాని నుంచి వచ్చిన తేడాలే. దృశ్యం నిశ్చలంగా ఉన్నప్పుడు ఈ తెలివైన పద్ధతులు కీ ఫ్రేముల మధ్య ఎడాన్ని బాగా సాగదీస్తాయి. డిస్కు ఆదా అవుతుంది, నిజమే. అయితే వీడియో ముక్క ఎప్పుడూ కీ ఫ్రేము నుంచే మొదలవ్వాలి కాబట్టి, ఘటన మొదటి క్షణాలు గల్లంతయ్యే ప్రమాదం ఉంది. ఎవరో గోడ దూకిన వీడియో కావలసినప్పుడు దూకి వెళ్లిపోతున్న వీపు మాత్రమే దొరకడం ఎవరికీ నచ్చదు. సెకనుకు 15 ఫ్రేములైతే కీ ఫ్రేము ఎడాన్ని 15 లేదా 30 ఫ్రేములుగా స్థిరంగా ఉంచడం క్షేమం.

ఇంత చేశాక ప్రాసెసర్ ఎంపిక సులువవుతుంది. చూడాల్సినవి కోర్ల సంఖ్య, గిగాహెర్ట్జ్‌ల కంటే ముందు వీడియో విప్పే ప్రత్యేక విభాగం. ఇంటెల్ 2011 నుంచి తన ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్‌తో పాటు క్విక్ సింక్ పేరుతో ఈ విభాగాన్ని ఇస్తోంది. 2015లో వచ్చిన ఆరో తరం నుంచి అది హెచ్.265ను కూడా పూర్తిగా విప్పగలదు. 2013 నాటి నాలుగో తరం కంప్యూటర్ పాతదైనా గట్టిగానే పనిచేస్తుంది, కానీ హెచ్.265 కెమెరాలు తగిలిస్తే ఆ పని మామూలు కోర్ల మీద పడుతుంది. పాత కంప్యూటర్‌ను ఈ పనికి తీసుకునేవారు గీత గీయాల్సింది ఇక్కడే. ఇంటెల్ మోడల్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు, దాంతో క్విక్ సింక్ కూడా ఉండదు. కాస్త చవకగా వస్తోందని దాన్ని తీసుకుంటే నిఘా పనికి అసలైన అవయవాన్నే వదులుకున్నట్టు.

విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టడం తప్పేమీ కాదు. ఎన్విడియా కార్డుల్లోనూ వీడియో విప్పే విభాగం ఉంది, పెద్ద కృత్రిమ మేధ నమూనాలను నడపాలంటే ఆ కార్డులు బాగా పనికొస్తాయి. కానీ ఇంట్లోని 6, 8 కెమెరాల కోసం అంత కార్డు పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. సబ్‌స్ట్రీమ్‌లతో నడిచే 8 కెమెరాల వ్యవస్థకు 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 వంటి 6 వాట్ల ప్రాసెసర్ ఉన్న చిన్న కంప్యూటర్ చాలు. మెమరీ 16 గిగాబైట్లు పెడితే మళ్లీ ఆ ఊసెత్తక్కర్లేదు. రెండు స్లాట్లున్న బోర్డులో ఒకే పెద్ద ముక్క కంటే రెండు చిన్న ముక్కలు పెట్టడం మంచిది. ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ వాడుకునేది ఆ మెమరీనే, రెండు దారులుంటే పిక్సెళ్ల రవాణా తొందరగా జరుగుతుంది.

కృత్రిమ మేధ విషయంలో ఉన్న భయం అవసరానికి మించినది. ఫ్రిగేట్ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అన్ని కెమెరాల ప్రతి ఫ్రేమునూ కృత్రిమ మేధకు చూపించదు. కదలిక ఉన్న చోటును మాత్రమే కత్తిరించి, 320×320 సైజుకు తెచ్చి ఆ ముక్కను పరీక్షిస్తుంది. 8 కెమెరాల్లోనూ ఒకేసారి కదలిక వచ్చి, ఒక్కోదానికి సెకనుకు 5 ఫ్రేములు పరీక్షించినా కనీస లెక్క సెకనుకు 40. కదిలేవి ఎక్కువైతే పెరుగుతుందనుకున్నా, సెకనుకు 100 దాకా తట్టుకునే పరికరం ఉంటే నిశ్చింత. గూగుల్ కోరల్ అనే చిన్న పరికరం 2 వాట్లతో సెకనుకు 4 లక్షల కోట్ల గణనలు చేస్తూ ఒక్కో ముక్కను 10 మిల్లీసెకన్ల దరిదాపుల్లో తేల్చేస్తుంది. ఇప్పుడు ఇంటెల్ ఓపెన్‌వినో అనే సాఫ్ట్‌వేర్ ద్వారా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ కూడా ఈ పనిని చక్కగా చేస్తోంది కాబట్టి, ముందు దానితో నడిపి చూసి చాలకపోతేనే వేరే పరికరం కొనడం తెలివైన పని. ఇక ఊగే కొమ్మలు, తిరిగే నీడలు ఉన్న చోట ఆ భాగాన్ని సాఫ్ట్‌వేర్‌లోనే మాస్కుతో కప్పేయాలి. లేకపోతే ఆ మొత్తం యంత్రాంగం రోజంతా ఒక కొమ్మను కాపలా కాస్తూ కూర్చుంటుంది.

డబ్బు ఎక్కువగా పెట్టాల్సింది డిస్కు మీద. ఇక్కడ ఊహలు వద్దు, లెక్క చాలా చిన్నది. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున ఆగకుండా రాస్తే రోజుకు 10.8 గిగాబైట్లు అవుతుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే మిగతాదంతా గుణకారమే. 8 కెమెరాలు, ఒక్కోటి 4 మెగాబిట్లు అంటే మొత్తం 32. రోజుకు 345.6 గిగాబైట్లు. 30 రోజులకు 10.4 టెరాబైట్లు. 10 టెరాబైట్ల డిస్కు దాదాపు సరిపోయిందని సంబరపడేలోపు విండోస్ దాన్ని 9.09గా చూపిస్తుంది. కంపెనీలు వెయ్యితో లెక్కిస్తే విండోస్ 1024తో లెక్కించడం వల్ల వచ్చే తేడా ఇది, డిస్కులో లోపం కాదు. అయినా అంచుదాకా నింపే లెక్క వద్దు, 12 టెరాబైట్లే తీసుకోవాలి.

బిట్‌రేట్, అంటే సెకనుకు వచ్చే మెగాబిట్ల లెక్క, కూడా రోజంతా ఒకేలా ఉండదు. చీకటి పడితే సెన్సర్ గుణం కొద్దీ చిత్రంలో గరుకు పెరుగుతుంది. కెమెరాలోని చిప్పుకు ఆ గరుకుకూ కదలికకూ తేడా తెలియదు, అన్నిటినీ తుచ తప్పకుండా కుదించి పంపుతుంది. వాన పడితే ప్రతి చినుకూ ఒక కదలికే. లెన్సు ముందు సాలీడు గూడు అల్లితే ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో ఆ దారాలు తెల్లగా మెరుస్తూ, గాలికి ఊగుతూ రాత్రంతా ఘటనలు నమోదు చేయిస్తాయి. డిస్కు అంచనాకు మిట్టమధ్యాహ్నం అంకెలు తీసుకున్నవారు ఇక్కడే బోల్తా పడతారు. రెండు కెమెరాలను వారం రోజులు నడిపి, ఫోల్డర్ సైజు చూసి గుణించడం కంటే మంచి అంచనా లేదు.

ఆగకుండా రాసే డిస్కుకు అరుగుదల ఉంటుంది. పై లెక్క ప్రకారం ఏడాదికి 126 టెరాబైట్లు రాయాలి. నిఘా కోసమే తయారయ్యే డిస్కులు, అంటే వెస్ట్రన్ డిజిటల్ పర్పుల్, సీగేట్ స్కైహాక్ వంటివి, ఏడాదికి 180 టెరాబైట్ల పనికి ఉద్దేశించినవి. సాధారణ డెస్క్‌టాప్ డిస్కులకు చెప్పే హద్దు 55 దగ్గర ఉంటుంది. కదిలే భాగాలు లేని ఎస్ఎస్‌డీ వేగవంతమైనదే, కానీ 1 టెరాబైటు ఎస్ఎస్‌డీకి మామూలుగా ఇచ్చే రాత హామీ 600 టెరాబైట్ల స్థాయిలో ఉంటుంది. ఈ రాతకు అది అయిదేళ్ల లోపే కరిగిపోతుంది. పైగా మన పనికి కావలసినది సెకనుకు 4 మెగాబైట్లు మాత్రమే, దానికి అంత వేగం దండగ. ఆపరేటింగ్ సిస్టమ్‌నూ, ఘటనల జాబితా ఉండే డేటాబేస్‌నూ చిన్న ఎస్ఎస్‌డీలో పెట్టి, వీడియోను హార్డ్ డిస్కుకు వదిలేయడమే సరైన పంపకం. డేటాబేస్‌ను కూడా హార్డ్ డిస్కులోనే ఉంచితే, నిన్న సాయంత్రం ఏం జరిగిందో వెతికేటప్పుడు ముల్లు అటూ ఇటూ పరుగెత్తి ప్రాణం విసిగిస్తుంది.

హార్డ్ డిస్కు కొనేటప్పుడు ఎస్ఎంఆర్ రకమా, సీఎంఆర్ రకమా అన్నది తప్పకుండా చూడాలి. ఎస్ఎంఆర్‌లో డేటా రాసే ట్రాకులు ఇంటికప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఒక పెంకు మార్చాలంటే దాని పైకి ఎక్కిన వాటినీ కదపాలి. నిండిన డిస్కులో పాత వీడియో చెరిపి కొత్తది రాయడం నిఘాలో నిత్యకృత్యం కాబట్టి ఈ రకం డిస్కు కొన్నిసార్లు ఉన్నట్టుండి నత్తనడక నడుస్తుంది. ట్రాకులు విడివిడిగా పక్కపక్కనే ఉండే సీఎంఆర్‌కు ఆ గొడవ లేదు.

అంత డిస్కు భరించలేనివారికి మధ్యేమార్గం ఉంది. సబ్‌స్ట్రీమ్‌ను 24 గంటలూ దాచి, ఘటన జరిగినప్పుడు మాత్రమే మెయిన్ స్ట్రీమ్‌ను దాచడం. సబ్‌స్ట్రీమ్ అర మెగాబిట్ అయితే 8 కెమెరాలకు రోజుకు 43.2 గిగాబైట్లు, నెలకు 1.3 టెరాబైట్లే. కృత్రిమ మేధ ఏదైనా ఘటనను చూడకుండా వదిలేసినా, మసకగానైనా దాని ఆనవాలు మిగులుతుంది. కేవలం కదలిక వచ్చినప్పుడే రికార్డు చేసే పద్ధతిలో ఆ ఆనవాలు కూడా దక్కదు.

రెయిడ్ గురించి, అంటే ఒకటి చెడినా డేటా పోకుండా కొన్ని డిస్కులను జతకట్టే పద్ధతి గురించి, తరచూ సలహాలు వినిపిస్తాయి. ఇంటి నిఘాకు అది అంతగా అవసరం లేదనే చెప్పాలి. ఒక డిస్కు చెడితే పోయేది నెల రోజుల పాత వీడియో, అందులో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ఖాళీ వాకిళ్లే. దొంగ కంప్యూటర్‌నే ఎత్తుకుపోతే మాత్రం రెయిడ్‌లోని డిస్కులన్నీ కలిసే వెళ్తాయి. ఆ డబ్బుతో ఘటనల ముక్కలను ఇంటి బయట ఉన్న మరో చోటికి వెంటవెంటనే పంపే ఏర్పాటు చేసుకోవడం మేలు.

నెట్‌వర్క్ వేగం గురించి పెద్దగా ఆలోచించనక్కర్లేదు. 8 కెమెరాలు ఒక్కోటి 8 మెగాబిట్లు పంపినా మొత్తం 64. ఒక్క గిగాబిట్ పోర్టుకు అది ఆవగింజంత. వైఫై కంటే కేబుల్ మేలు, ఎందుకంటే వైఫైలో గాలి అందరి ఉమ్మడి ఆస్తి. ఇక్కడ పొరపాటు జరిగేది వేగంలో కాదు, కరెంటులో. కేబుల్ ద్వారానే కెమెరాకు కరెంటు ఇచ్చే పీఓఈ స్విచ్‌లో, 2003 నాటి 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం ఒక్కో పోర్టు 15.4 వాట్లు ఇవ్వగలదు. 8 పోర్టులకు 123 వాట్లని లెక్కేసుకుంటే తప్పు. స్విచ్ మొత్తం సామర్థ్యం విడిగా రాసి ఉంటుంది, అది 60 వాట్లే కావచ్చు. పగలు అన్ని కెమెరాలూ బుద్ధిగా పనిచేస్తాయి. చీకటి పడి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే ఒక్కోటి 8 వాట్లు అడిగితే మొత్తం 64 అవుతుంది, చివరి కెమెరా ఆగిపోతుంది. పొద్దున్నే చూస్తే అది మళ్లీ మామూలుగా పనిచేస్తూ ఉంటుంది. కెమెరాను మార్చి, కేబుల్‌ను మార్చి విసిగిపోయాక గానీ స్విచ్ మీద అనుమానం రాదు.

కంప్యూటర్‌లో రెండు నెట్‌వర్క్ పోర్టులు ఉంటే ఒకదాన్ని కెమెరాలకే కేటాయించి, వాటికి ఇంటర్నెట్ దారి మూసేయవచ్చు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇలాంటి కెమెరాలను, రికార్డర్లను, రౌటర్లను పెద్ద ఎత్తున లోబరచుకుని దాడులకు వాడుకుంది. వాటిలో చాలావాటికి తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డే ఉంది. దారి మూశాక ఒక చిన్న పని మిగులుతుంది: కెమెరాలకు గడియారం సరిచేసుకునే మార్గం పోతుంది కాబట్టి ఆ కంప్యూటర్‌నే వాటికి సమయం చెప్పే ఎన్‌టీపీ సర్వర్‌గా పెట్టాలి. లేకపోతే కొన్ని నెలలకు రెండు కెమెరాల్లో ఒకే మనిషి కొన్ని నిమిషాల తేడాతో నడుస్తూ కనిపిస్తాడు.

ఇంట్లో మూలన పడి ఉన్న పాత సర్వర్‌ను ఈ పనికి పెడదామనే ఆలోచన సహజం. ఉచితంగా వచ్చినట్టే ఉంటుంది. కానీ ఇది ఏడాదిలో 8,760 గంటలూ నడిచే యంత్రం. ఆగకుండా వెలిగే ప్రతి వాటుకూ ఏడాదికి 8.76 యూనిట్లు ఖర్చవుతాయి. 120 వాట్లు తాగే పాత సర్వర్‌కు 1,051 యూనిట్లు, 20 వాట్ల చిన్న కంప్యూటర్‌కు 175. మూడు నాలుగేళ్లకు ఆ తేడా తడిసి మోపెడవుతుంది. అలాగని ప్రతి చిన్న కంప్యూటరూ పనికొస్తుందని కాదు. చాలావాటిలో పెద్ద హార్డ్ డిస్కుకు చోటుండదు, యూఎస్‌బీ పెట్టెలో బయట తగిలించిన డిస్కు ఎప్పుడో ఒక రాత్రి మాయమైపోయి మళ్లీ కనిపించే రకం. లోపల 3.5 అంగుళాల డిస్కు పట్టే చిన్న డెస్క్‌టాప్ ఈ రెంటికీ నడుమ చక్కగా కుదురుతుంది. కృత్రిమ మేధ, రకరకాల కంపెనీల కెమెరాలు, సొంత అమరికలు ఇవేవీ వద్దనుకునే ఇంటికి అసలు కంప్యూటరే అక్కర్లేదు, కెమెరాల వీడియోను రికార్డు చేయడానికే తయారయ్యే ఎన్‌వీఆర్ పెట్టె సరిపోతుంది.

యూపీఎస్ కొనేవారు కంప్యూటర్‌తో పాటు పీఓఈ స్విచ్‌నూ దానికే తగిలించాలి, లేకుంటే కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ ఖాళీ తెరలను రికార్డు చేస్తుంది. కంప్యూటర్ ప్రాథమిక సెట్టింగులుండే బయాస్‌లో, కరెంటు రాగానే దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగు పెట్టాలి. అది పెట్టాక కూడా ఒక చిక్కు ఉంటుంది. బ్యాటరీ తగ్గిందని యూపీఎస్ చెప్పగా కంప్యూటర్ పద్ధతిగా ఆగిపోతుంది. బ్యాటరీ పూర్తిగా అయిపోకముందే గోడ ప్లగ్గులో కరెంటు వచ్చిందనుకుంటే, కంప్యూటర్ దృష్టిలో అసలు కరెంటు పోనేలేదు, కాబట్టి ఆన్ అవదు. ఇంట్లో అన్ని దీపాలూ వెలుగుతుంటాయి, కెమెరాలు పనిచేస్తుంటాయి, రికార్డు చేసే యంత్రం మాత్రం నిద్రపోతూ ఉంటుంది. కంప్యూటర్ ఆగిన కాసేపటికి యూపీఎస్ తన అవుట్‌పుట్‌ను కట్ చేసి, కరెంటు వచ్చాక మళ్లీ ఇచ్చేలా దాని సాఫ్ట్‌వేర్‌లో అమర్చాలి. అమరిందో లేదో తెలుసుకోవడానికి ఒక సెలవు రోజున యూపీఎస్ ప్లగ్గును గోడ నుంచి పీకి, కంప్యూటర్ ఆగేదాకా వేచి ఉండి, వెంటనే మళ్లీ పెట్టి చూడాలి.